రాతిగుట్ట బీడులో గొర్రెలు మేపాలంటే ముందు నేలను ఎలా చూసుకోవాలి

గుట్ట పక్కన పదెకరాల బీడు ఉంది, యాభై గొర్రెలు కొంటే సరిపోతుందా అని చాలామంది అడుగుతుంటారు. దీనికి ఎకరాల లెక్కలో జవాబు దొరకదు. గ్రానైట్ గుట్టల దగ్గర పదెకరాలంటే అందులో నాలుగు ఉత్త బండే కావచ్చు. ఇంకో మూడెకరాల్లో జానెడు మట్టి కూడా ఉండకపోవచ్చు. మిగిలిన మూడెకరాలే మంద మొత్తాన్ని సాకుతుంటాయి. ఆ మూడెకరాలు ఎక్కడున్నాయో, వాటిని ఏ నెలలో ముట్టుకోవాలో తెలిస్తే మిగతాదంతా కాపరి చూసుకుంటాడు.

ఇది మహబూబ్‌నగర్, నల్గొండ, రంగారెడ్డి, అనంతపురం, పెనుకొండ, మదనపల్లె వైపు గుట్టలకు పనికొచ్చే పద్ధతి. నల్లమల, ఎర్రమల, పాలకొండల్లో రాయి పొరలు పొరలుగా, పలకలు పలకలుగా ఉంటుంది. అది వేరే రాయి, దాని మట్టి వేరు, అక్కడ ఈ లెక్కలు కుదరవు. ఇంకో మాట. గుట్ట మీ పట్టాలో ఉందా, మేత పోరంబోకా, బంచరాయా (రెండూ ఊరి పశువుల మేతకు వదిలిన సర్కారు భూములే), రిజర్వు అడవా అన్నది ముందే రికార్డులో చూసుకోండి. అడవి హద్దులో మేకలు కనిపిస్తే తర్వాత పడే టెన్షన్ మామూలుగా ఉండదు.

ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

మొదటిసారి రోహిణి కార్తెలో వెళ్లండి. రోళ్లు పగిలే ఎండలు నిజమే, కానీ అప్పుడు గడ్డంతా కొరికేసి ఉంటుంది కాబట్టి నేల ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. రెండోసారి మంచి వాన పడుతుండగా, మూడోసారి హస్త, చిత్త కార్తెల్లో గడ్డి ముదిరాక. గడ్డపార, పార, లోపలి నీళ్లు కనిపించే పదిహేను మీటర్ల తెల్ల ప్లాస్టిక్ గొట్టం, రెండు వైపులా కోసేసిన డబ్బా ఒకటి, కొడవలి, వంటింటి కాటా, ఒక నోట్‌బుక్, చిన్న డబ్బా పెయింట్. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

1. ముందు దూరంగా నిలబడి గుట్ట ఆకారం చూడండి

గుట్ట ఎక్కకముందే అర కిలోమీటరు దూరం నుంచి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. మన గ్రానైట్ గుట్టలు రెండు రకాలుగా కనిపిస్తాయి. భువనగిరి కోట ఉన్నది ఒక రకం: మొత్తం ఒకే బండ, నున్నగా, గుండ్రంగా. హైదరాబాద్ ఖాజాగూడ గుట్టలు రెండో రకం: గుండు మీద గుండు పేర్చినట్టు ఉంటాయి.

ఏకబండ గుట్ట మీద మట్టి నిలవదు. పడ్డ వానంతా జారి కిందికి వచ్చేస్తుంది. అందుకే దాని పైభాగాన్ని మేతగా లెక్కపెట్టకుండా, కింది అంచును మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. గుండ్ల గుట్టలో మట్టి గుండ్ల సందుల్లో ఉంటుంది. గడ్డి కన్నా పొదలు, చెట్లు ఎక్కువ పెరుగుతాయి. అది గొర్రెల కన్నా మేకలకు నప్పుతుంది. అయితే గుండ్ల కింద గుహల్లాంటి సందులుంటే దొడ్డి అక్కడికి దూరంగా వేయండి. రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు ఇలాంటి చోట్ల ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి.

తర్వాత గుట్టకు అడ్డంగా వెళ్లే గీతలేమైనా ఉన్నాయేమో చూడండి. చిన్న చిన్న నల్లరాళ్లు వరసగా, గోడ కట్టినట్టు, ఊళ్లు దాటి తిన్నగా పోతుంటాయి. పాత గ్రానైట్ పగుళ్లలోకి లోపలి నుంచి కరిగిన రాయి ఎక్కి గట్టిపడ్డ గోడలవి. భూగర్భ శాస్త్రంలో వీటిని డైకులంటారు, ఆ రాయి డోలరైట్. మార్కెట్లో బ్లాక్ గ్రానైట్ అని అమ్మేది చాలావరకు ఇదే, నిజానికి అది గ్రానైటే కాదు. మీకు కావాల్సిన సంగతేమిటంటే, ఆ నల్లరాయి కరిగిన చోట మట్టి ముదురు రంగులో, కాస్త జిగురుగా, సున్నం ఎక్కువగా ఉంటుంది. గడ్డి కూడా అక్కడే బాగుంటుంది. డైకుకు ఎగువ వైపు భూమిలో నీరు ఆగే అవకాశం కూడా ఉంది. అదే తెల్లటి పలుగురాళ్ల గీత కనిపిస్తే ఆశ పెట్టుకోకండి. పలుగురాయి కరగదు, మట్టినివ్వదు.

2. ఈ మట్టి ఇలా ఎందుకుందో ఒకసారి అర్థం చేసుకోండి

ఒక గ్రానైట్ ముక్క పగలగొట్టి ఎండలో తిప్పి చూడండి. గాజులా మెరిసేది పలుగు, అంటే క్వార్ట్జ్. గులాబీ రంగులోనో తెల్లగానో చదునుగా కనిపించేది ఫెల్డ్‌స్పార్. నల్లగా మిలమిలలాడే పొరలు కాకిబంగారం. ఈ మూడూ ఒక్క వేగంతో పాడవవు. కాకిబంగారం మొదట తుప్పు పట్టి ఇనుమును వదులుతుంది, మట్టికి ఎరుపు దాని వల్లే. ఫెల్డ్‌స్పార్ నెమ్మదిగా బంకమట్టిగా మారుతుంది. పలుగు మాత్రం అలాగే ఇసుకగా మిగిలిపోతుంది.

మన ప్రాంతపు గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఇంతకాలంగా వాన ఈ పనే చేస్తోంది: సన్నటి బంకమట్టిని కిందికి తీసుకుపోతుంది, గరుకు ఇసుకను పైన వదిలేస్తుంది. పైన మొరం, మధ్యలో ఎర్ర చెలక, కింద బూడిదరంగు దుబ్బ, మరీ కింద నల్లమట్టి లేదా చౌడు. ఈ వరస ఉప్పునుంతలకైనా ఉరవకొండకైనా పెద్దగా మారదు.

గుండ్రాళ్ల గురించి కూడా ఒక మాట. అవి ఎక్కడి నుంచో దొర్లుకుంటూ వచ్చినవి కావు. భూమిలో ఉండగానే పగుళ్ల వెంట నీరు దిగి, మూలలను మూడు వైపుల నుంచి తిని, లోపలి గట్టి భాగాన్ని గుండ్రంగా మిగిల్చింది. చుట్టూ ఉన్న మొరం కొట్టుకుపోయాక బయటపడ్డాయి. అంటే బోసిగా నిలబడ్డ ప్రతి గుండు చుట్టూ ఒకప్పుడు మట్టి ఉండేది.

3. పైనుంచి కిందికి గడ్డపారతో నడవండి

ఇదే అసలు పని, దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. గుట్ట అంచు నుంచి పల్లం దాకా ఒక తిన్నని దారి ఎంచుకోండి. ప్రతి ముప్పై, నలభై అడుగులకు గడ్డపార గుచ్చి, అది ఎంత లోతు దిగి ఆగిందో రాసుకోండి. రాయికి తగిలి ఖంగుమందా, మొరంలో కరకరలాడుతూ ఆగిందా అన్నది కూడా రాయండి. ఖంగుమంటే వేరు అక్కడితో ఆగిపోయినట్టే. కరకరలాడితే కింద మెత్తబడ్డ రాయి ఉంది, చెట్టు వేరు అందులోకి దిగగలదు, గడ్డి వేరు దిగలేదు.

బీడు నాలుగు పట్టీలుగా విడిపోవడం మీకే కనిపిస్తుంది.

బండ పట్టీలో మట్టి లేదు. దొనల్లో, అంటే బండ మీది గుంటల్లో, నిలిచిన నీళ్లు తప్ప మేత పరంగా సున్నా. కానీ దీన్ని వృథా అనుకోవద్దు. ఒక ఎకరం నున్నటి బండ మీద 20 మి.మీ. వాన పడితే అది సుమారు 80,000 లీటర్లు. గుంటల్లో కొంత, ఎండకు కొంత పోయినా, ముప్పావు వంతు కిందికి వచ్చిందనుకుంటే, బండ అంచున ఉన్న అరెకరానికి అదనంగా 30 మి.మీ. వాన పడినట్టు. ఊరందరికీ 20, ఆ అరెకరానికి 50. గుట్ట అంచున పచ్చగా ఒక చార కనిపించేది ఈ లెక్క వల్లే.

మొరం పట్టీలో గడ్డపార బెత్తెడు నుంచి జానెడు దిగుతుంది. అందులోనూ సగం రాళ్లే. ఇలాంటి చోట 25 సెం.మీ. మట్టి 12, 15 మి.మీ. నీటికి మించి పట్టుకోలేదు. ఎండ రోజుకు 5 మి.మీ. పీల్చేస్తే మూడో రోజుకే ఖాళీ. ఇక్కడ గడ్డి వాన పడగానే అందరికన్నా ముందు మొలుస్తుంది, అందరికన్నా ముందే ఎండుతుంది.

చెలక పట్టీలో మూర లోతు, ఒక్కోచోట మీటరు దిగుతుంది. పైన ఇసుక, కింద ఎర్రటి బంక. ఒక మాదిరి వాన పడితే రెండు వారాలు గడ్డి నిలబడుతుంది. దీనికి ఒకే జబ్బు ఉంది. నేల బోసిగా ఉంటే వాన చినుకుల దెబ్బకు పైన సన్నటి పెచ్చు కట్టి, నీళ్లు లోపలికి ఇంకకుండా జారిపోతాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ) క్షేత్రంలో దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్న ఎర్రనేలలూ ఈ కోవలోవే, అక్కడా ఈ పెచ్చు పెద్ద సమస్యే.

పల్లం పట్టీలో మట్టి లోతుకు కొదవ లేదు. కానీ ఫెల్డ్‌స్పార్‌లోని సోడియం అంతా నీళ్లతో వచ్చి చేరేది ఇక్కడికే. నేల మీద తెల్లటి పొర, అడుగు వేస్తే పొడిలా లేస్తుంటే అది చౌడు. వెనక చాకళ్లు బట్టలకు వాడిన మట్టి ఇదే. కింద తెల్లటి సున్నపు గడ్డలు తగిలితే వాటి మీద బాత్రూం యాసిడ్ ఒక చుక్క వేయండి, బుసబుస పొంగితే సున్నమే.

దారిలో రెండు గుర్తులు వదలకండి. ఒకటి, గుండ్ల అడుగు భాగం. పాత గుండు నల్లగా, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. దాని అడుగున బెత్తెడు మేర లేత రంగులో శుభ్రంగా ఒక పట్టీ కనిపిస్తే, మొన్నమొన్నటి దాకా మట్టి అక్కడి వరకు ఉండేదని అర్థం. రెండోది, గడ్డి దుబ్బులు చిన్న చిన్న మట్టి గద్దెల మీద నిలబడి ఉండటం. చుట్టూ మట్టి పోయి, వేళ్లు పట్టుకున్నంత మేరే మిగిలింది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మట్టి పోవడమంటే సుమారు 6 టన్నులు, అంటే రెండు ట్రాక్టర్ ట్రాలీలు. కంటికి కనిపించేంత గద్దె ఉందంటే ఎన్ని ట్రాలీలు పోయాయో మీరే లెక్కేసుకోండి. ఇక్కడే పెయింట్ పని: ప్రతి పట్టీలో ఒక గుండు ఎంచుకుని, మట్టి ఆనుకున్న చోట సన్నగా గీత గీయండి. వచ్చే ఏడు గీత కింద రాయి కనిపించకూడదు.

వాలు కూడా కొలవండి. గొట్టంలో నీళ్లు నింపి, పది మీటర్ల దూరంలో రెండు కొసలూ పైకెత్తి పట్టుకుని, నేల నుంచి నీటి మట్టం ఎంత ఎత్తులో ఉందో రెండు చోట్లా కొలిచి తేడా చూడండి. తేడా మీటరుంటే పదికి ఒకటి వాలు. పదికి రెండు దాటిన చోట మందను నిలపకూడదు, దాటించుకుని పోవడమే.

4. మట్టిని చేత్తో పట్టి చూడండి

గుప్పెడు మట్టి తడిపి పిసకండి. ముద్ద కాకుండా రాలిపోతే ఇసుక. ముద్దయి, బొటనవేలితో వత్తితే రెండు అంగుళాల రిబ్బన్‌లా సాగితే బంక బాగా ఉంది. మొరం పట్టీలో ముద్ద నిలవదు, చెలకలో పై మట్టి నిలవక కింది మట్టి సాగుతుంది. పుట్టలున్న చోట పుట్టమన్ను కూడా పిసికి చూడండి. చెదలు బంకను కింది నుంచి మోసుకొస్తాయి కాబట్టి, తవ్వకుండానే లోపలి మట్టి ఎలాంటిదో తెలిసిపోతుంది.

తర్వాత డబ్బా పరీక్ష. డబ్బాను రెండంగుళాలు నేలలో దించి, లీటరు నీళ్లు పోసి, ఇంకడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. మంద రోజూ నడిచే బాటలో ఒకసారి, పది అడుగుల అవతల బలుసు పొద కింద ఒకసారి. రెండూ ఒకే మట్టి, కానీ ఇంకే సమయంలో తేడా చూశాక పొదలు నరికించాలన్న ఆలోచన మానుకుంటారు.

5. మొక్కలు ఏం చెబుతున్నాయో చూడండి

గరిక చాప పరిచినట్టు ఉంటే మట్టి, తేమ రెండూ ఉన్నాయి. తుంగ ఉంటే నీరు నిలుస్తోంది. చీపురు గడ్డి, తంగేడు తప్ప ఇంకేమీ లేకపోతే ఆ బీడు చాలా ఏళ్లుగా అతిగా మేసినది. తంగేడు తెలంగాణకు రాష్ట్ర పుష్పమే, చూడ్డానికి బాగుంటుంది, జీవాలు మాత్రం ముట్టవు. తిన్నవన్నీ పోయి తిననిది మిగిలిందని దాని అర్థం. సీతాఫలం ఆకునూ మేకలు వదిలేస్తాయి, కానీ దాన్ని తీసేయకండి. గుండ్ల సందులో అది బాగా కాస్తోందంటే కింద తేమ ఉంది, పైగా పాలమూరు వైపు అది పంటే.

పులికంప, అదే లాంటానా, ఉంటే మాత్రం జాగ్రత్త. మేత దొరకని రోజుల్లో ఆకలికి తింటే కాలేయం దెబ్బతిని, ఎండకు చర్మం కాలినట్టు అవుతుంది. సర్కారు తుమ్మ కాయలు వేసవిలో మంచి మేతే, అయితే గింజ అరగకుండా పేడలో బయటికొచ్చి మొలుస్తుంది. కాయలు తిన్న మందను కొన్ని రోజులు కిందే ఉంచి తర్వాత గుట్టకు తోలండి, లేకపోతే నాలుగేళ్లలో గుట్టంతా కంపే.

6. వాన పడుతుండగా ఒకసారి తిరగండి

గొడుగేసుకుని పల్లం నుంచి పైకి నడవండి, ఉరుములుంటే మాత్రం వద్దు. ఎక్కడ నీళ్లు తేటగా వస్తున్నాయి, ఎక్కడ ఎర్రగా వస్తున్నాయి అన్నదే చూడాలి. బండ మీది నుంచి వచ్చేవి ఎప్పుడూ తేటగానే ఉంటాయి. ఎరుపు ఎక్కడ మొదలైందో అక్కడ ఆగండి, మీరు మట్టి పోగొట్టుకుంటున్న చోటు అదే. చాలాసార్లు అది మంద బాటే అవుతుంది. గొర్రెలు ఒకే దారిలో వాలుకు నిలువుగా దిగితే, ఆ దారి రెండేళ్లలో వంకగా మారుతుంది. బాటను వాలుకు అడ్డంగా, మెలికలుగా మార్చడానికి నాలుగు కంపకొమ్మలు చాలు.

7. గడ్డిని తూకం వేయండి

హస్త, చిత్త కార్తెల్లో, గడ్డి గింజ పట్టాక ఈ పని చేయండి. నాలుగు కర్రలతో మీటరు చదరం కట్టండి. ప్రతి పట్టీలో ఐదు చోట్ల, కళ్లు మూసుకుని విసిరినట్టుగా పడేసి, లోపలి గడ్డిని రెండు వేళ్ల ఎత్తు వదిలి కోయండి. మూడు రోజులు ఎండబెట్టి తూయండి. ఐదింటి సగటు గ్రాముల్ని నాలుగుతో గుణిస్తే ఎకరాకు కిలోలు వస్తాయి.

ఉదాహరణకు మొదట చెప్పుకున్న పదెకరాల్లో నాలుగు బండ, మూడు మొరం, రెండు చెలక, ఒకటి పల్లం అనుకుందాం. చదరానికి మొరంలో 40 గ్రాములు, చెలకలో 120, పల్లంలో 250 వచ్చాయనుకోండి. మొరం మూడెకరాలకు 480 కిలోలు, చెలక రెండెకరాలకు 960, పల్లం ఎకరాకు 1,000. మొత్తం 2,440 కిలోలు. అందులో 80 శాతం మూడెకరాల నుంచే వచ్చింది.

ఇందులో సగం మాత్రమే మీది. మిగతా సగం నేలకు వదలాలి. పెచ్చు కట్టకుండా చినుకును ఆపేది, వచ్చే ఏడు దుబ్బు బతికేది ఆ సగంతోనే. కాబట్టి చేతికొచ్చేది 1,220 కిలోలు. 30 కిలోల గొర్రె రోజుకు దాదాపు కిలో ఎండు మేత తింటుంది. యాభై గొర్రెలకు ఇది 24 రోజుల తిండి. అక్టోబరు నుంచి జూన్ దాకా ఎనిమిది నెలలు ఈ బీడు ఒక్కటే సాకాలంటే ఐదు గొర్రెలకు సరి.

ఐదేనా అని నిరాశపడేవాళ్లకు చెప్పేదొకటే. మన వైపు ఏ మందా గుట్ట ఒక్కదాని మీద బతకలేదు. కోత అయ్యాక కొయ్యకాళ్లు, వేరుశనగ కట్టె (కాయలు తీసేశాక మిగిలే ఎండు మేత), చెరువు ఎండాక చెరువు కడుపులో గడ్డి, చెట్ల ఆకుమేత, అదీ చాలక వలస. మంద ఎంత పెట్టుకోవాలన్నది ఇవన్నీ కలిపి చూసుకోవాల్సిన లెక్క. గుట్ట వాటా మాత్రం మీ కాటా చెప్పినంతే. ఆ అంకె తక్కువ వచ్చిన ఏడు, పొట్టేళ్లను దసరాకో దీపావళికో అమ్మేయండి. ఫిబ్రవరిలో బక్కచిక్కాక సంతకు తోలితే మీరు చెప్పిన ధర ఎవరూ వినరు.

8. కాలంతో పాటు మందను గుట్ట దింపండి

నాలుగు పట్టీలూ తెలిశాక మేపే క్రమం తేలికే. మృగశిరలో మొదటి వాన పడగానే గుట్టకు తోలకండి. ఆ పచ్చదనం వేళ్లలో దాచుకున్న బలంతో వచ్చింది, అప్పుడే కొరికితే దుబ్బు చస్తుంది. కనీసం మూడు వారాలు నిల్వ ఉంచిన వేరుశనగ కట్టెతో, గట్ల మీది గడ్డితో నెట్టుకురండి. ఎండు మేత నుంచి ఒక్కసారిగా లేత గడ్డిలో పడితే చిటుకు రోగం (గొర్రె ఉన్నట్టుండి చచ్చిపోయే జబ్బు) వస్తుంది, దాని టీకా వానలకు ముందే వేయించాలి.

ఆషాఢ, శ్రావణాల్లో మొరం పట్టీ. ఎలాగూ వారం ఎండ కాస్తే మాడిపోయే గడ్డి అది, పచ్చిగా ఉండగానే తినిపించడం మేలు. పలుచగా, కదిలిస్తూ మేపాలి, ఒకేచోట నిలపకూడదు. ఈ నెలల్లో పల్లానికి దింపవద్దు. నీరు నిలిచిన గడ్డిలో నత్తలు, వాటి ద్వారా కాలేయంలో చేరే కార్జపు జలగలు. సాయంత్రం దోమల్లాంటి చిన్న ఈగలు కుడితే నీలినాలుక రోగం. గుట్ట మీద గాలి ఆడే చోట ఈ రెండు బెడదలూ తక్కువ.

భాద్రపదం నుంచి కార్తీకం దాకా చెలక. దాన్ని రెండు ముక్కలు చేసి, ఒక ఏడు ఒక ముక్కను గింజ రాలేదాకా ముట్టకుండా వదలండి. మరుసటి ఏడు రెండోది. సంక్రాంతి తర్వాత పల్లం. అప్పటికి నేల ఆరి ఉంటుంది, గడ్డి నిలువునా ఎండి ఉంటుంది. దాన్ని అప్పటిదాకా కాపాడటమే కష్టం, ఊళ్లో అందరి పశువుల కన్నూ దాని మీదే. కంప కంచె వేసుకోవడానికి పెట్టే ఖర్చు ఈ ఒక్క పట్టీకి పెట్టండి చాలు.

9. బాగుచేయడం: ఎక్కడ చేయాలి, ఎక్కడ వద్దు

మొరం పట్టీని దున్నించకండి. ట్రాక్టర్ పెట్టి చదును చేస్తే గడ్డి వస్తుందని చెప్పేవాళ్లుంటారు. వచ్చే ఏడు మొరం కూడా మిగలదు. పైన పరుచుకున్న రాళ్లన్నీ ఏరి కట్ట వేయడం కూడా తప్పే, ఆ రాళ్లే చినుకుకు అడ్డం, తేమకు మూత. విడిగా పడి ఉన్నవి మాత్రం ఏరి, గొట్టంతో మట్టం చూసి, వాలుకు అడ్డంగా మోకాలి కంటే తక్కువ ఎత్తులో వరస పేర్చండి. నీళ్లు ఆగాల్సిన పని లేదు, నెమ్మదిస్తే చాలు. చిన్న వంకలకు రాళ్ల అడ్డుకట్టలు పైనుంచి మొదలుపెట్టాలి. కింద మొదలుపెడితే మొదటి పెద్ద వానకే కొట్టుకుపోతాయి.

చెలకలో బోసి మచ్చలుంటే వానలకు ముందు కొన్ని రాత్రులు మందను అక్కడే కట్టండి. డెక్కలకు పెచ్చు పగులుతుంది, ఎరువు పడుతుంది. తర్వాత గడ్డపారతో వాలుకు అడ్డంగా గీతలు గీసి స్టైలో హెమటా విత్తనం చల్లండి, ఎకరాకు రెండు మూడు కిలోలు. స్టైలో పప్పుజాతి మొక్క, నత్రజని తానే తెచ్చుకుంటుంది, ఎర్ర గరప నేలలోనూ నిలుస్తుంది. ఆ విత్తనం పండించడం అనంతపురం జిల్లా రైతులకు పాత అలవాటే, కాబట్టి దొరకడం కష్టం కాదు. గింజ తొక్క గట్టిది. 80 డిగ్రీల వేడి నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, చల్లార్చి, ఆరబెట్టి చల్లాలి. ఈ నేలల్లో భాస్వరం, గంధకం తక్కువ కాబట్టి ఎకరాకు ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తే తేడా కనిపిస్తుంది. పైన ఎండు కంపకొమ్మలు పరిచి, ఆ ఏడంతా మందను రానివ్వకండి.

చౌడు మచ్చల మీద డబ్బు పోయకండి. గరిక వచ్చిన మేర రానివ్వడం, పైనుంచి నీళ్లు అక్కడికి చేరకుండా మళ్లించడం చాలు.

10. నీళ్లు, ఉప్పు

గ్రానైట్ మట్టి మేతలో ఖనిజాలు అరకొరగానే ఉంటాయి. జీవాలు గోడలు నాకడం, ఎముకలు కొరకడం చూస్తే ఆలస్యం చేయకుండా దొడ్డిలో ఉప్పు ఇటుక వేలాడదీయండి, ఈనే గొర్రెలకు ఖనిజ మిశ్రమం కలపండి.

బోరు నీళ్ల విషయం వేరు. గ్రానైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి, లోతు నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. నల్గొండ పేరు దేశమంతా తెలిసింది ఆ బాధ వల్లే. మనుషులు తాగే నీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము హద్దు, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. పశువులకూ పళ్లు గోధుమరంగు చారలతో అరగడం, కీళ్లు బిగుసుకోవడం ఉంటాయి. పళ్లు అరిగిన గొర్రె ముదురు గడ్డి నమలలేదు, అలాంటి గుట్ట మీద అది బక్కచిక్కుతూనే ఉంటుంది. దొనల్లో, కుంటల్లో వాన నీళ్లున్నంత కాలం మందకు అవే తాపించండి. బోరు మీద ఆధారపడేది మాఘం తర్వాతే అయ్యేలా చూసుకోండి. నీళ్లను పరీక్షకు పంపేటప్పుడు ఏప్రిల్, మే నెలల్లో తీసినవే పంపండి, మంద వాటి మీద ఆధారపడేది అప్పుడే కదా.